యంత్రం చెప్పింది సరే, ఆపేదెవరు?

(విశాఖపట్నంలో ఇంజినీరింగ్ విద్యార్థులు, పోర్టు, పవర్ ప్లాంటు ఉద్యోగులు కలిసిన ఒక సమావేశంలో విశ్రాంత మైనింగ్ ఇంజినీరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర రెండు ప్రశ్నలు, వాటి జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

విశాఖలో కూర్చుని బొగ్గు గనుల గురించి మాట్లాడ్డం ఏమిటని మీలో కొందరికి అనిపించే ఉంటుంది. ఇక్కడ గని లేదు, నిజమే. చింతలపూడి వైపు భూమిలో బొగ్గు ఉందని సర్వేలు తేల్చాయి గానీ అది బాగా లోతున ఉంది, ఇంకా పైకి రాలేదు. అయినా ఈ ఊరికి బొగ్గుతో ఉన్న లావాదేవీ అంతా ఇంతా కాదు. ఉక్కు ఫ్యాక్టరీకి కావలసిన కోకింగ్ కోల్ చాలావరకు ఓడల్లో విదేశాల నుంచి దిగుతుంది. సింహాద్రి ప్లాంటు 2,000 మెగావాట్లకు బొగ్గు ఒడిశాలోని తాల్చేరు నుంచి రైళ్ల మీద వస్తుంది. ఇక పోర్టు పక్కన జ్ఞానాపురంలోనో వన్‌టౌన్‌లోనో కాపురం ఉన్నవాళ్లకి, మేడ మీద పొద్దున ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి ఏ రంగులో ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

ముందే ఒక సంగతి తేల్చుకుందాం. ఈ మధ్య "సుస్థిర బొగ్గు తవ్వకం" అని ప్రతి సెమినార్ బ్యానరు మీదా రాస్తున్నారు. మన బొగ్గు టన్ను కాలిస్తే సుమారుగా టన్నున్నర కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. గనిలో ఎన్ని సెన్సర్లు పెట్టినా ఆ లెక్క మారదు. కాబట్టి బొగ్గు పచ్చగా మారిపోతుందని నేను చెప్పను, ఎవరైనా చెబితే మీరు నమ్మకండి. అయితే 2024–25లో మన దేశం తీసిన బొగ్గు 100 కోట్ల టన్నులు దాటింది. ఇది రేపటికి రేపు ఆగేది కాదు. అలాంటప్పుడు గనిలో పనిచేసేవాడి చేతిలో ఉన్నవి ఏమిటి? మనిషి చావకుండా చూడటం, అనవసరమైన రాయి తవ్వకుండా, మోయకుండా ఉండటం, గ్యాసుని గాలికి వదలకపోవడం, భూమిని పనికొచ్చే స్థితిలో తిరిగి అప్పగించడం. నేను మాట్లాడేది వీటి గురించే. వీటిలోనూ ఎక్కువసేపు మొదటిదాని మీదే ఉంటాను, ఎందుకంటే నాకు బాగా తెలిసింది అదే.

సింగరేణిలో గనిని బాయి అంటారు. నాకూ ఆ మాటే నోటికొస్తుంది, ఏమనుకోకండి.

నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో షిఫ్టు మొదలవగానే మైనింగ్ సర్దారు, అంటే పనిచోటు భద్రంగా ఉందో లేదో చూసే మనిషి, చేతికర్రతో పైకప్పు తట్టుకుంటూ ముందు నడిచేవాడు. గట్టి రాయి ఖంగుమంటుంది. పైన పొర విడిపోయి ఉంటే ఖాళీ బాన మీద కొట్టినట్టు డొల్లగా పలుకుతుంది. ఆ చప్పుడు విని, ఇక్కడ ఆసరాగా దిమ్మె నిలబెట్టండి అనో, అందరూ వెనక్కి రండి అనో చెప్పేవాడు. ఆ కర్ర ఇప్పటికీ పోలేదు, పోకూడదు కూడా. దానికి తోడుగా టెల్‌టేల్ అని ఒక పరికరం వచ్చింది. పైకప్పులోకి కొన్ని మీటర్ల ఎత్తున సన్నటి రంధ్రం వేస్తారు. కదలని పొరలో పైన లంగరు బిగించి, దాన్నుంచి ఒక తీగ దింపి, రంధ్రం నోటి దగ్గర రంగుల పట్టీలున్న గొట్టం వేలాడదీస్తారు. కింది పొర జారే కొద్దీ ఆ గొట్టం రంధ్రంలోకి దాక్కున్నట్టు కనిపిస్తుంది. ఆకుపచ్చ కనిపిస్తున్నంతసేపు ఫర్వాలేదు. ఆకుపచ్చ లోపలికి పోయి పసుపు మిగిలితే పైకప్పు పొరల్ని బిగించి పట్టే రూఫ్ బోల్టులు పెంచాలి. ఎరుపు ఒక్కటే మిగిలితే అక్కడ నిలబడి చర్చించకూడదు, నడవాలి.

దానికి కరెంటు అక్కర్లేదు, నెట్‌వర్క్ అక్కర్లేదు, ఇంగ్లీషు అక్కర్లేదు. అక్షరం ముక్క రాని ట్రామర్, అంటే బొగ్గు తొట్లు తోసేవాడు కూడా దాన్ని చదవగలడు. నన్నడిగితే నా సర్వీసులో బాయిలోకి దిగిన పరికరాలన్నిట్లో అతి తెలివైనది అదే. ఇప్పుడు అదే కొలతని ఎలక్ట్రానిక్ పద్ధతిలో తీసి పైనున్న కంట్రోల్ రూముకి పంపుతున్నారు. మంచిదే. కానీ రంగు పట్టీ మాత్రం తీసెయ్యకండి. ఆ పైకప్పు కింద నిలబడ్డవాడికి సమాచారం ముందు తెలియాలి, పైన ఏసీ గదిలో కూర్చున్నవాడికి తర్వాత తెలిసినా కొంప మునగదు.

అసలు మనిషి ఆ పైకప్పు కింద నిలబడే అవసరమే లేకుండా చేయడం ఇంకా పెద్ద మార్పు. పాత పద్ధతిలో బొగ్గు తీస్తూ మధ్యలో స్తంభాలు వదులుతారు, తర్వాత ఆ స్తంభాల్ని కూడా తీస్తూ వెనక్కి వస్తారు. తీసేసిన చోటు కూలాలి. అది ఎప్పుడు కూలుతుందన్నది పాత ఓవర్‌మెన్‌లు, అంటే సర్దార్ల పైన ఉండే సూపర్‌వైజర్లు, చెవితో పసిగట్టేవారు. లాంగ్‌వాల్ అనే పద్ధతిలో అలా ఉండదు. రామగుండం దగ్గర సింగరేణి వాళ్ల అడ్రియాల ప్రాజెక్టు తీసుకోండి. అక్కడ 250 మీటర్ల పొడవున బొగ్గు గోడ ఉంటుంది. దాని పొడవునా హైడ్రాలిక్ షీల్డులు భుజం భుజం కలిపి నిలబడి, ఒక్కొక్కటీ వెయ్యి టన్నుల పైచిలుకు బరువు ఆపుతాయి. షియరర్ అనే కోత యంత్రం బొగ్గు కోసుకుంటూ పోతుంటే షీల్డులు ఒక్కొక్కటే ముందుకు జరుగుతాయి, వెనక పైకప్పు కూలిపోతుంది. మనిషి ఎప్పుడూ ఉక్కు కిందే. షీల్డు కాళ్లలో ఆయిల్ ప్రెజర్ ఎంతుందో క్షణక్షణం నమోదవుతుంది. పైన పెద్ద రాతి పొర విరగబోయే ముందు ఆ ప్రెజర్లు వరసగా పెరుగుతాయి. ఆ గ్రాఫు చదవడం వస్తే బరువు ఎటునుంచి వస్తోందో కొన్ని గంటల ముందే అంచనా వేయొచ్చు.

మరి ఇంత మంచిదైతే దేశమంతా ఎందుకు రాలేదని అడుగుతారు. మన బొగ్గులో నూటికి తొంభై వంతులకు పైగా ఓపెన్‌కాస్టుల నుంచే, అంటే పైనుంచి తెరిచి తవ్వే గనుల నుంచే వస్తోంది. లాంగ్‌వాల్ యంత్రం ఖరీదు వందల కోట్లు, స్పేర్ పార్టు ఓడెక్కి రావాలి, భూమిలో పొరలు తెగి జరిగిపోయిన చోటు, అంటే ఫాల్టు, ఒకటి అడ్డొస్తే మొత్తం ఆగిపోతుంది. ఖరీదైన యంత్రం ఒకవైపు, సరిగా పరీక్షించని రాయి ఇంకోవైపు. మన దేశంలో చాలా లాంగ్‌వాల్‌లు ఆ రెండింటి మధ్య నలిగిపోయాయి. అందుకే కంటిన్యువస్ మైనర్ అనే చిన్న కోత యంత్రానికి ఇప్పుడు గిరాకీ ఎక్కువ. అది అంత తీయదు గానీ, పాత స్తంభాల బాయిల్లో కూడా సర్దుకుపోతుంది. టెక్నాలజీ అంటే కొనడమే అనుకునేవాళ్లు ముందు రాయిని పరీక్షించడానికి వేసిన బోర్ల లెక్క చూడాలి. యంత్రం ఆర్డరు పెట్టే ముందు ఎన్ని బోర్లు వేశారు, ఎంత దూరానికొకటి వేశారు, సగం జవాబు అక్కడే ఉంటుంది.

ఇక గ్యాసు సంగతి. మీథేన్ గాల్లో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు, పేలుతుంది. మన నిబంధనల ప్రకారం తిరుగు గాలిలో, అంటే పనిచోటు చుట్టి బయటికి పోయే గాలిలో, 0.75 శాతం దాటకూడదు, ఎక్కడైనా 1.25 దాటితే కరెంటు కట్ చేసి మనుషుల్ని బయటికి తీయాలి. ఇప్పుడు ఆ కట్ చేసే పని సెన్సరే చేస్తుంది. ఇక్కడ ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలున్నారు కదా, వాళ్లు జాగ్రత్తగా వినండి. బాయిల్లో ఎక్కువగా వాడేది కెటలిటిక్ సెన్సర్. లోపల చిన్న పూస ఒకటి వేడెక్కి ఉంటుంది. దాని మీద మీథేన్ కాలితే ఇంకా వేడెక్కుతుంది, ఆ తేడాని కొలుస్తుంది. ఆ పూస మీద సిలికోన్ ఆవిరి పడితే పనిచేయడం మానేస్తుంది. అప్పుడు మీటరు ఎంత చూపిస్తుంది? సున్నా. అంటే చెడిపోయిన సెన్సర్ "అంతా క్షేమం" అంటుంది. ఇంకో గమ్మత్తు కూడా ఉంది. గ్యాసు మరీ ఎక్కువైపోతే కాలడానికి ఆక్సిజన్ చాలక అది తక్కువ చూపిస్తుంది. అందుకే తెలిసిన శాతం ఉన్న గ్యాసు సిలిండరు పట్టుకెళ్లి ఎప్పటికప్పుడు సెన్సర్‌ని పరీక్షించాలి. ఆ సిలిండరు కొనడం, ఆ రిజిస్టరు రాయడం ఎవరికీ ఇష్టం ఉండని పని. పేపర్లో ఫొటో పడని పని. బాయి భద్రత మొత్తం అక్కడే వేలాడుతూ ఉంటుంది.

ఒకచోట చూశాను, ఊరు పేరెందుకు. మీథేన్ తేలిక, పైకప్పుకి అంటుకుని పొరలా పాకుతుంది. కాబట్టి సెన్సర్ పైకప్పు దగ్గర కట్టాలి. అక్కడ దాన్ని మనిషి నడుం ఎత్తుకి దించి, మంచి గాలి వచ్చే వైపుకి తిప్పి కట్టారు. కుట్ర ఏమీ లేదు. మిషను మాటిమాటికీ ట్రిప్ అయి ఆగిపోతుంటే, ప్రొడక్షన్ ఏదీ అని పైనుంచి ఫోన్లొస్తుంటే, విసిగిపోయిన ఎలక్ట్రీషియన్ చేసిన ఏర్పాటు అది. ఆ వారం టన్నేజీ బాగా వచ్చింది. సెన్సర్ కంపెనీవాడి తప్పు లేదు, సాఫ్ట్‌వేర్ తప్పు లేదు. ఆగడానికి ఎవరికీ అధికారం ఇవ్వకుండా, ఆపే యంత్రం ఒక్కటి కొని పెట్టారు.

ఓపెన్‌కాస్టులోనూ ఇదే కథ. 2016 డిసెంబర్ 29న జార్ఖండ్‌లో రాజ్‌మహల్ ఓపెన్‌కాస్టులో గట్టు జారి 23 మంది చనిపోయారు. ఇప్పుడు పెద్ద గనుల్లో స్లోప్ రాడార్లు పెడుతున్నారు. ఎదురుగా కిలోమీటరు దూరాన నిలబెడితే, రాత్రైనా దుమ్మున్నా గట్టు ముఖాన్ని పదే పదే స్కాన్ చేసి, మిల్లీమీటరు కన్నా తక్కువ కదలికని పట్టుకుంటుంది. దాన్ని చదివే పద్ధతి ఒకటుంది, జపాన్ శాస్త్రవేత్త ఫుకుజోనో 1985లో చెప్పాడు. గట్టు రోజుకి 2 మిల్లీమీటర్లు కదిలితే ఒకటి బై రెండు, 4 కదిలితే ఒకటి బై నాలుగు, 10 కదిలితే ఒకటి బై పది. ఇలా వేగాన్ని తలకిందులు చేసి గ్రాఫు మీద చుక్కలు పెట్టండి. చుక్కలు కలిపిన గీత కిందికి దిగుతూ సున్నాని ఎక్కడ తాకుతుందో, గట్టు ఇంచుమించు ఆ వేళకి జారుతుందని అంచనా. ప్లస్ టూ పిల్లవాడు కూడా గీయగల గీత. కష్టం గీతలో లేదు. రాత్రి రెండింటికి అలారం మోగింది, కింద షవల్, అంటే తవ్వి ఎత్తే పెద్ద యంత్రం, ఉంది, 100 టన్నుల డంపర్లు బారులు తీరి ఉన్నాయి. కంట్రోల్ రూములో ఉన్న పాతికేళ్ల కుర్రాడు ఎవర్నీ అడక్కుండా "అందరూ పైకి రండి" అనగలడా? తెల్లారాక గట్టు జారకపోతే అతన్ని ఏమంటారు? ఏ అంకె దగ్గర ఎవరు ఆపాలో, ఎవరి అనుమతీ అక్కర్లేదో ముందే రాసి, సంతకం పెట్టి గోడకి అంటించాలి. రాడార్ కొటేషన్ కన్నా ముందు నేను ఆ కాగితం అడుగుతాను.

రాయి సంగతికి వద్దాం. సింగరేణి 2023–24లో సుమారు 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది. దానికోసం తవ్విన మట్టి, రాయి, మా భాషలో ఓబీ, 40 కోట్ల ఘనపు మీటర్ల పైమాట. అంటే టన్ను బొగ్గుకి దాదాపు 6 ఘనపు మీటర్లు. బరువులో చూస్తే టన్ను బొగ్గుకి పది పన్నెండు టన్నుల రాయి. దాన్నంతా డీజిల్ పోసి ఎత్తి, మోసి, కొండలా పోస్తున్నాం. జీపీఎస్‌తో డంపర్లకి దారి చూపించే వ్యవస్థలు, డ్రోన్లతో గుట్టలు కొలవడం, ఇవన్నీ వచ్చాయి. ఖాళీగా ఇంజను ఆన్ చేసుకుని షవల్ దగ్గర నిలబడే డంపర్లు తగ్గాయి. నాకు ఇంతకన్నా నచ్చింది వేరే ఉంది. బాయిల్లో బొగ్గు తీసిన ఖాళీని నింపడానికి మేం దశాబ్దాల పాటు గోదావరి ఇసుక పోశాం. ఇప్పుడు ఓబీనే పిండి చేసి, కడిగి, ఇసుకగా మార్చి నింపుతున్నారు. నదిలో ఇసుక నదిలోనే ఉంటుంది, గుట్ట కొంచెమైనా తగ్గుతుంది.

ఓపెన్‌కాస్టుల్లో బొగ్గు కోతకి సర్ఫేస్ మైనర్ అనే యంత్రం వచ్చాక చాలాచోట్ల బ్లాస్టింగ్ అవసరం తప్పింది, పక్క ఊళ్లలో గోడలు బీటలివ్వడం తగ్గింది. అది పొర పొరగా కోస్తుంది కాబట్టి మధ్యలో రాతి పట్టీ వస్తే వేరుగా తీయొచ్చు. ఇది మీకు సంబంధించిన విషయం. మన బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం. తాల్చేరు నుంచి విశాఖకి 4,000 టన్నుల రైలొక్కటి వచ్చిందంటే, అందులో పదిహేను వందల టన్నుల దాకా కాలని ఖనిజమే. ఆ రాయికి మనం రైలు ఛార్జీ కడుతున్నాం, మిల్లులో నూరుతున్నాం, చివరికి బూడిద చెరువుకి చోటు వెతుకుతున్నాం. గని దగ్గరే కడిగి పంపితే నీళ్లు ఖర్చు, మురికినీళ్ల బెడద. నీళ్లు లేకుండా ఎక్స్‌రేతో రాయిని గుర్తుపట్టి గాలి ఊదుడుతో పక్కకి నెట్టే యంత్రాలు ఉన్నాయి. పెద్ద ముక్కలకి బాగా పనిచేస్తాయి, పొడికి పనిచేయవు. దేశంలో ఏ టెక్నాలజీకి ముందు డబ్బు పెట్టాలి అని నన్నడిగితే దీనికే ఓటు వేస్తాను.

గని మూసేసే విషయం క్లుప్తంగా చెబుతాను. 2009 నుంచి క్లోజర్ ప్లాన్ తప్పనిసరి, దానికి డబ్బు ఎస్క్రో ఖాతాలో, అంటే వేరే పనికి తీయడానికి వీల్లేని ఖాతాలో వేయాలి. కాగితం మీద బాగుంది. మొక్కల ఫొటోలు నాటిన రోజు తీస్తారు. ఐదేళ్ల తర్వాత ఉపగ్రహ చిత్రం తీసి చూడండి, ఎన్ని బతికాయో అదే చెబుతుంది. ఆ చిత్రాలు ఊరివాళ్లకి కూడా అందుబాటులో ఉంటే ఇంకా బాగుంటుంది.

మనుషుల గురించి చెప్పకుండా కూర్చోలేను. తొంభైల మొదట్లో సింగరేణిలో లక్షమందికి పైగా ఉద్యోగులు. ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు, బొగ్గు మాత్రం దాదాపు మూడు రెట్లయింది. తట్ట, చెమ్మస్ (బొగ్గు ఎత్తే పార) పోయినందుకు నేను బాధపడను, నడుములు విరిగే పని అది. కానీ ఇల్లందు, బెల్లంపల్లి లాంటి ఊళ్లు ఆ జీతాల మీద లేచినవి. యంత్రం తెచ్చిన మిగులులో ఆ ఊళ్లకి ఎంత వచ్చిందని అడిగే హక్కు వాళ్లకుంది. ఇక్కడ ఆడపిల్లలు చాలామంది కనిపిస్తున్నారు. మీరు భూగర్భ గనిలో ఉద్యోగం చేయడానికి 2019 దాకా చట్టం ఒప్పుకోలేదు, ఇప్పుడు తలుపు తెరిచింది. రిమోట్‌తో నడిచే యంత్రాల కాలంలో భుజబలం సాకు ఎలాగూ చెల్లదు. బాయిల్లో మీకు సరైన టాయిలెట్లు కట్టించమని మాత్రం గట్టిగా అడగండి, అదీ భద్రతలో భాగమే.

ప్రశ్నలుంటే అడగండి.

విద్యార్థిని: సార్, ఏఐ వచ్చాక సర్దార్ల అవసరం ఉండదంటున్నారు, నిజమేనా?

ఏఐకి ఏం నేర్పిస్తారమ్మా? పాత లెక్కలే కదా. ఆ పాత రిజిస్టర్లలో "రూఫ్ బాగుంది, గ్యాస్ నిల్" అని రోజూ ఒకే చేతిరాతతో రాసి ఉంటుంది. నిజంగా చూసి రాసినవి ఎన్ని, బల్ల దగ్గర కూర్చుని రాసినవి ఎన్ని, యంత్రానికి తెలియదు. షీల్డు ప్రెజర్లు, కన్వేయర్ మోటార్ వైబ్రేషన్ ఇలాంటివి యంత్రం తనంతట తాను నమోదు చేసినవి కాబట్టి వాటి మీద ఏఐ బాగా పనిచేస్తుంది, బేరింగు పోయే ముందే చెబుతుంది. పాత గనుల ప్లాన్లు స్కాన్ చేసి ఒకదాని మీద ఒకటి పేర్చి చూడటానికీ పనికొస్తుంది. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలాలో పక్క పాత తవ్వకాల్లో నిలిచిన నీళ్లు గనిలోకి విరుచుకుపడి 375 మంది పోయారు. పాత తవ్వకాలకి 60 మీటర్ల లోపల పని చేయాలంటే ఇప్పుడు ముందస్తు అనుమతి కావాలి. అయితే ప్లాను తప్పైతే ఏఐ కూడా ఆ తప్పునే అందంగా రంగులేసి చూపిస్తుంది. అందుకే ముందు బోరు వేసి చూసుకుంటూ నడవాలి. సర్దారు ఉంటాడు. అతని చేతిలో కర్రతో పాటు ట్యాబ్ కూడా ఉంటుంది, అంతే.

యార్డు ఉద్యోగి: మా బొగ్గు కుప్పలు ఎండాకాలంలో వాటంతటవే రాజుకుంటున్నాయండి. నీళ్లు కొడుతూనే ఉన్నాం, తగ్గట్లేదు. గనిలో పద్ధతి ఏదైనా ఇక్కడ పనికొస్తుందా?

పనికొస్తుందండీ, జబ్బు ఒకటే. బొగ్గు గాలి పీల్చి నిదానంగా వేడెక్కుతుంది. బాయిలో అయితే కార్బన్ మోనాక్సైడ్ ఎంత పెరిగింది, ఆక్సిజన్ ఎంత తగ్గింది, ఆ రెండింటి నిష్పత్తి చూస్తాం. గ్రాహం రేషియో అంటారు, అది ఒక శాతం వైపు పాకుతోందంటే లోపల ఎక్కడో వేడి మొదలైనట్టే. మీ కుప్ప ఆరుబయట ఉంటుంది, గాలి లెక్క కుదరదు, కాబట్టి కుప్పలోకి ఇనుప గొట్టాలు దింపి లోపలి ఉష్ణోగ్రత కొలవండి. థర్మల్ కెమెరా పై చర్మాన్నే చూస్తుంది, అది చూపించేసరికి లోపల ముదిరిపోయి ఉంటుంది. పోసేటప్పుడే పలచటి పొరలుగా పోసి డోజరుతో అణచండి, గాలికి సందు ఉండకూడదు. వాలుగా ఉన్న అంచులు ముఖ్యం, సముద్రం గాలి తగిలే వైపు ఇంకా ముఖ్యం. ముందొచ్చిన బొగ్గు ముందు పోవాలి. మన యార్డుల్లో కొత్తగా వచ్చిన రైలు బొగ్గు తీయడం సులువని అదే వాడేస్తారు, అడుగున పాతది నెలల తరబడి ఉండిపోతుంది. రాజుకున్నాక పైనుంచి నీళ్లు కొడితే నీళ్లు కాలవలు చేసుకుని కిందికి పోతాయి, ఆ కాలవల్లోంచే మళ్లీ గాలి దూరుతుంది. వేడెక్కిన భాగాన్ని లోడరుతో తవ్వి తీసి, విడిగా పలచగా పరిచి, అక్కడ చల్లార్చండి. ట్యాంకరుని పిలిచినప్పుడల్లా లోడరుని కూడా పిలవండి.